రెండు మూతలు, ఒక బాల్కనీ

మార్టూరు,
18-10-2000

జోహరాబీ అక్కయ్యకు తమ్ముడు జాన్ బాషా సలాములు.

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం చించకు. మా ఉజ్మా పెళ్ళిలో మొదట పసుపు పెట్టాల్సిన మేనత్తవి నువ్వు. నిన్ను పక్కన కూచోబెట్టి మా పురుగుమందుల కంపెనీ మేనేజరు గారి భార్య చేత పెట్టించాను. ఆ పాపానికి నాతో ఈ జన్మలో మాట్లాడనని పదిమందిలో ఒట్టు వేశావు. ఏడాదిన్నరగా నిలబెట్టుకుంటూనే ఉన్నావు. మాట్లాడనన్నావు గానీ చదవనని అనలేదు గదా అని ధైర్యం చేశాను. తొమ్మిది కిలోమీటర్ల దూరానికి ఇన్‌లాండు కవరు కొన్నవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. పోస్టుమాస్టరు అడ్రసు రెండుసార్లు చదివి నా మొహం చూశాడు.

సంగతేమిటంటే, కంపెనీ వాళ్ళు ఈ ఏడు డీలర్లకు కొత్త స్కీము పెట్టారు. అంతకు ముందేడు మిక్సీ, పోయినేడు సూట్‌కేసు, ఈసారి ఏకంగా ఓడ! సింగపూరు దాకా విమానం, అక్కడి నుంచి ఓడలో షికారు, భార్యాభర్తలిద్దరికీ. జనవరి నెలాఖరులోపు కొత్త మందు ఎన్ని పెట్టెలు అమ్మితే అంత మంచి ప్రయాణం. అరవై అమ్మితే రెండు రాత్రుల షికారు, లోపలి గది, కిటికీ ఉండదు గానీ ఏసీ ఉంటుంది. నూరు అమ్మితే మూడు రాత్రులు, పెనాంగు అనే ఊరు చూపిస్తారు, గుండ్రటి కిటికీ ఉన్న గది. నూట యాభై అమ్మితే నాలుగు రాత్రులు, పెనాంగూ ఫుకెట్టూ రెండూ చూపించి, బాల్కనీ ఉన్న గది ఇస్తారు. తలుపు తీస్తే మన సొంత వసారా, వసారా అవతల సముద్రం. ఆ పైన మహారాజా గది ఒకటుందట, పియానోతో సహా. అది మేనేజరు గారికి. ఆయన ఏమీ అమ్మడు, మా చేత అమ్మిస్తాడు.

నేను ఇప్పటికి డెబ్బై దగ్గరున్నాను. బుడాన్ బావను అడిగానని చెప్పు. కోపం కాస్త దిగితే నాలుగు ముక్కలు రాయి.

నీ తమ్ముడు,
జాన్ బాషా


కొత్తపాలెం,
26-10-2000

తమ్ముడు జాన్ బాషాకు,

చించలేదు. పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తుందని దాచాను. ఒట్టు మాటకే గానీ రాతకు కాదన్న పాయింటు బాగానే పట్టావు. ఆ తెలివిలో వీసమెత్తు పెళ్ళినాడు ఉంటే ఇన్‌లాండు కవరు ఖర్చు తప్పేది.

మీ బావ నీ ఉత్తరం నా చేత మూడుసార్లు చదివించుకున్నాడు. ఆయనకి అంతా అద్భుతమే. నాకు మాత్రం కొన్ని సందేహాలు. కిటికీ లేకుండా ఏసీ పెట్టిన గదుల్ని గుంటూరులో కోల్డ్ స్టోరేజీ అంటారు. వాటిలో మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, పెడతారు. టిక్కీలు నోరెత్తవు కాబట్టి సరిపోయింది. డబ్బులిచ్చి మొగుడూ పెళ్ళాం పోయి అలాంటి దాంట్లో పడుకోవడాన్ని షికారంటారని నాకు ఇప్పటిదాకా తెలీదు. సముద్రం చూడ్డానికి సముద్రం మీదికి పోయి, గోడ చూసుకుంటూ కూచోవాలన్నమాట.

ఇంకోటి. మూడు రాత్రుల వాళ్ళకి పెనాంగు అన్నావు, నాలుగు రాత్రుల వాళ్ళకి ఫుకెట్టు కూడా అన్నావు. రెండు రాత్రుల వాళ్ళని ఏ ఊరు తీసుకెళ్తారో రాయలేదు. మర్చిపోయావా, లేక మేనేజరు గారి భార్యను అడిగి చెబుతావా?

పత్తి రెండో తీత నడుస్తోంది. మరదలు గుల్షన్‌ను అడిగానని చెప్పు. దాని మీద నాకు కోపం లేదు.

జోహరాబీ


మార్టూరు,
2-12-2000

అక్కయ్యకు సలాములు.

నీ ఉత్తరం చూసి గుల్షన్ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. నీ సందేహానికి జవాబు: రెండు రాత్రుల ఓడ ఏ ఊరికీ పోదు. రేవులోంచి బయల్దేరి నడిసముద్రంలోకి పోయి, ఓ చుట్టు చుట్టి, మళ్ళీ అదే రేవుకొస్తుంది. చాలామంది దానికే ఎగబడతారట. ఎందుకని నన్నడక్కు.

ఇప్పుడు అసలు సంగతి. మా దుకాణానికి ఎదురు దుకాణం శ్రీకృష్ణ నూట యాభై దాటేశాడు. బాల్కనీ కొట్టేశాడు. వాడి భార్య అఖిల పొద్దున్నే మా ఇంటికొచ్చి, "వదినా, బాల్కనీలో వేసుకోడానికి నైటీలు తీసుకోవాలా, చీరలా?" అని గుల్షన్‌ను సలహా అడిగి పోయింది. నేను తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయాను. రెండు అమ్మితే గుండ్రటి కిటికీ వస్తుంది గానీ, ఆ కిటికీ తెరుచుకోదట, అద్దం బిగించేశారు. గుల్షన్ సంగతి నీకు తెలుసు. చిన్నప్పుడు పత్తి గోడౌనులో ఓ పూటంతా చిక్కుకుపోయిన మనిషి. ఈ రోజుకీ స్నానాల గది గడియ వేసుకోదు. తలుపు తెరిచే గది దొరక్కపోతే తాను రానంటోంది. అది రాకపోతే నేనొక్కణ్ణే మేనేజరు గారి పక్కన నిలబడి ఫొటో దిగాలి.

అక్కా, మీ ఊళ్ళో బావ ఏ మందు కొడితే మర్నాటికి ఊరంతా అదే కొడుతుంది. బావ చేత ఈ కొత్త మందు మిరపకు ఒక్కసారి కొట్టించు. డబ్బా మీద ట్యాంకుకు ఒక మూత అని ఉంటుంది. రెండు వెయ్యమను, పనితనం తెలుస్తుంది. ఎర్ర ముక్కోణం బొమ్మ చూసి భయపడొద్దు, అది గవర్నమెంటు వాళ్ళ లాంఛనం.

గుల్షన్ కోసమన్నా ఈ సాయం చెయ్యి.

జాన్ బాషా


కొత్తపాలెం,
14-12-2000

తమ్ముడికి,

ఎక్కడికీ పోకుండా చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేదాన్ని మా ఊళ్ళో గానుగెద్దు అంటారు. దానికి కళ్ళకు గంతలు కడతారు. మీ లోపలి గది అందుకేనేమో.

తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, నీ స్కీముకి నువ్వు చాలక మా ఊరంతటినీ తగిలించుకున్నావు. నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించేటప్పుడు ఆ ముక్క దాటేద్దామనుకున్నాను. కానీ గుల్షన్ పేరు వచ్చేసరికి నోరాగలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన పంపు భుజానేసుకుని బయల్దేరాడు. దారిన పోయేవాళ్ళందరూ చూసేట్టు, రోడ్డు పక్క చేలో మొదలుపెట్టాడు. సాయంత్రానికి పక్క చేను బుడే వచ్చి ఏ మందని అడిగిపోయాడు. వాడి వెనక వెంకటేశ్వరమ్మ గారి కొడుకులు. నిన్న మా ఊరి నుంచి నీ దుకాణానికి ట్రాక్టరు వేసుకు వచ్చారట గదా? రెండు మూతల సంగతి కూడా ఊరంతటికీ పాకింది. ఎవరో మూడు వేద్దామా అని అడిగితే, మీ బావ, మా బామ్మర్ది రెండే రాశాడు అన్నాడు. నువ్వేదో శాస్త్రం రాసినట్టు.

నీకు బాల్కనీ రావాలని ఆయన నమాజులో దువా చేస్తున్నాడు. నాకైతే నవ్వొస్తోంది. మా అత్తగారు పోయినప్పుడు కూడా అంతసేపు చెయ్యలేదు.

జోహరాబీ


మార్టూరు,
27-1-2001

అక్కయ్యకు, బావకు సలాములు.

నూట యాభై మూడు! మేనేజరు గారు స్వయంగా దుకాణానికొచ్చి దండ వేశారు. శ్రీకృష్ణ దుకాణం షట్టరు సగం దించుకున్నాడు. గుల్షన్‌కు పాస్‌పోర్టు వచ్చింది. ఫొటోలో అది దొంగను చూసినట్టు చూస్తోంది.

ఒక్కటే బెంగ. ఫిబ్రవరి పది లోపల వాపసు వచ్చిన డబ్బాలు లెక్కలోంచి తీసేస్తారట. మీ ఊరి వాళ్ళు కొందరు, రెండో తడవ కొట్టాల్సిన పని లేదు, సీలు విప్పని డబ్బాలు తిరిగిస్తామని ఉస్మాన్‌తో అన్నారు. ఉస్మాన్ అంటే మా దుకాణంలో గుమాస్తా. నాలుగు పెట్టెలు వెనక్కొస్తే నా బాల్కనీ పోయినట్టే. బావ ఒక్క మాట చెబితే ఆగుతారు.

నాలుగో తేదీన మద్రాసు వెళుతున్నాం. అక్కడ వారం రోజులు కంపెనీ వాళ్ళ మీటింగు, తర్వాత విమానం. హోటలు అడ్రసు వెనక రాశాను. నీ ఉత్తరం లేకుండా నాకు ఏదీ తోచడం లేదు. మాట్లాడినప్పటికన్నా ఇదే బాగుందనిపిస్తోంది, నిజం.

జాన్ బాషా


చిలకలూరిపేట,
8-2-2001

తమ్ముడికి,

ఇక్కడి సంగతి బుడే పోయి మీ ఉస్మాన్‌తో చెప్పాడు. వాడు నీకు ఫోను చేసే ఉంటాడు. మళ్ళీ నేను రాయడం దేనికి? అయినా నీ ప్రయాణం వివరాలు నువ్వు రాశావు గనుక, మా ప్రయాణం వివరాలు నేనూ రాయాలి గదా.

మీ బావ కూడా బయల్దేరాడు. మంగళవారం నుంచి పేటలో మకాం. మొదటి రోజు బాల్కనీ ఇచ్చారు. అంటే వసారాలో మంచం, వచ్చేపోయే జనమంతా కనపడతారు. నిన్నటి నుంచి లోపలి గది. కిటికీ లేదు, ఏసీ ఉంది. తెల్లబట్టల వాళ్ళు గంటకోసారి వచ్చి కుశలం కనుక్కుని పోతారు. భోజనం మంచం దగ్గరికే, నమలక్కర్లేకుండా. ఎన్ని రాత్రుల ప్రయాణమంటే చెప్పరు. ఏ ఊరు తీసుకెళుతున్నారంటే అదీ చెప్పరు.

ఎద్దు పుండు కాకికి ముద్దా? నువ్వు సుఖంగా వెళ్ళు.

జోహరాబీ


మద్రాసు,
10-2-2001

అక్కయ్యకు,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. ఫలహారం దగ్గర డీలర్లందరికీ చదివి వినిపించాను. నవ్వలేక చచ్చారు. నరసరావుపేట డీలరు జక్రయ్య గారైతే, మీ అక్కయ్య గారిని మన కంపెనీ ప్రచారానికి పెట్టుకోవాలండీ అన్నాడు. బావను పేటలో ఏ చుట్టాలింట్లో దింపావు? నమలక్కర్లేని భోజనమంటే పాయసమా? నా బాల్కనీ మీద నీకు ఇంత కుళ్ళుందని తెలిస్తే నిన్నూ సూట్‌కేసులో పెట్టి తెచ్చేవాణ్ణి.

ఉస్మాన్ ఫోను చెయ్యలేదు. చేసినా వాడు చెప్పేది స్టాకు సంగతేగా. సాయంత్రం విమానం. ఓడలోంచి రాస్తాను.

జాన్ బాషా


ఓడలోంచి, పెనాంగు దగ్గర,
13-2-2001

అక్కయ్యకు, బావకు సలాములు.

ఇది ఓడ కాదు, ఊరు. పన్నెండంతస్తులు. కింద హాల్లో పరిచిన నల్లరాయి అచ్చం మన చీమకుర్తి రాయిలాగే ఉంది. వంగి తడిమి చూస్తుంటే ఏదో పడిపోయిందనుకుని ఓ తెల్లదొర కూడా వంగి వెతికాడు. ఎక్కగానే అందరికీ నారింజరంగు కోట్లు తొడిగి వరసలో నిలబెట్టారు, ఓడ మునిగితే ఎటు పరిగెత్తాలో నేర్పించడానికి. మునిగితే పరుగెందుకో ఎవరూ అడగలేదు. రోజుకు ఆరుసార్లు తిండి.

లోపలి గదుల వాళ్ళ అవస్థ చెప్పనలవి కాదు. జక్రయ్య గారు పగలో రాత్రో తెలియక, తెల్లారగట్ల లుంగీతో మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. ఆయన భార్య వెంకటరావమ్మ గారు రోజూ మా గది తలుపు తట్టి, "ఒక్కసారి పొద్దు పొడిచిందో లేదో చూసి చెప్పమ్మా" అని గుల్షన్‌ను అడుగుతుంది. ఈ రాజభోగమంతా మీ ఊరి దయ.

బాల్కనీ గురించి బావకు చదివి వినిపించు. తలుపు తెరవగానే నీలిమణుల సముద్రం కనుచూపుమేర పరుచుకుని ఉంటుంది. చల్లని సముద్రపు గాలి మేనిని స్పృశిస్తుంది. అస్తమయ వేళ సువర్ణకాంతులు అలలపై నాట్యం చేస్తాయి. గుల్షన్, నేను అలా చూస్తూ కూచుంటాం.

పెనాంగులో ఈ ఉత్తరం పోస్టు చేస్తాను. బహుశా నేను వచ్చిన తర్వాత అందుతుంది.

జాన్ బాషా


చిలకలూరిపేట,
17-2-2001

జాన్ బాషాకు,

మద్రాసు నుంచి నీ నవ్వు అందింది. నీకు ఉస్మాన్ చెప్పలేదని అప్పుడు తెలిసింది. బుడేని పంపి అడిగిస్తే, అయ్యగారి ప్రయాణం పాడవుతుందని చెప్పలేదన్నాడు. అంతదాకా నువ్వు తెలిసే ఓడెక్కావని అనుకున్నాను. రోజుకు నూరుసార్లు నిన్ను తిట్టాను. అందులో ఒక్క విషయానికి తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి నీ దగ్గరే ఉంచుకో.

వెటకారం లేకుండా రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. మీ బావ చుట్టాలింట్లో లేడు, ఆస్పత్రిలో ఉన్నాడు. నీ మందు ఒంటికెక్కింది. ఆరో తేదీన ఊళ్ళోవాళ్ళు డబ్బాలు వాపసు తేవడానికి సంచుల్లో సర్దుకుంటుంటే, ఈయన ఎవరితోనూ వాదించలేదు. పంపు వేసుకుని మళ్ళీ చేలోకి పోయాడు. ఆయన కొడుతుంటే వాళ్ళే ఆగుతారని ఆయన లెక్క. ఆగారు కూడా. ట్యాంకు మూత దగ్గర కారుతున్నా చూసుకోలేదు, వీపంతా తడిసింది. గాలి ఎదురు తిరిగింది. గట్టు మీద వాంతి చేసుకుని పడిపోయాడు. బుడే ట్రాక్టరులో వేసుకొచ్చాడు. మూడు రోజులు నన్ను గుర్తుపట్టలేదు.

ఇంకో మాట. మా మిరపచేలో పురుగు లేదు. డిసెంబరులోనూ లేదు, ఇప్పుడూ లేదు. నీకు తలుపున్న గది రావాలని కొట్టాడు. నీ చేత్తో రాసిన రెండు మూతల ఉత్తరం నా దగ్గరుంది. డాక్టరుకు అదే చూపించాను.

జోహరాబీ


మార్టూరు,
24-2-2001

అక్కయ్యకు,

నీ ఉత్తరం దుకాణం షట్టరు కింద ఉంది. సూట్‌కేసులు అక్కడే రోడ్డు మీద వదిలేసి పేట వచ్చాను. నువ్వు చూశావు గదా. నువ్వు మొహం గోడకు తిప్పుకున్నావు. అది న్యాయమే. బావ నా గొంతు విని, "వచ్చావురా జానూ! గదికి తలుపు ఇచ్చారా, లేక మోసం చేశారా?" అన్నాడు. నేను ఇచ్చారు బావా అన్నాను. "గుల్షన్‌కు ఊపిరాడిందా?" అన్నాడు. ఆడిందన్నాను.  బయటికొచ్చి మందుల షాపు మెట్ల మీద కూచుని ఏడ్చాను.

నిన్న శుక్రవారం మీ ఊరొచ్చాను. నమాజు అయ్యాక మసీదు బయట నిలబడి, రెండు మూతలు నా కక్కుర్తి, ఎర్ర ముక్కోణం లాంఛనం కాదు, అది విషమని గుర్తు అని అందరికీ చెప్పాను. మసీదుకు రాని వాళ్ళ ఇళ్ళకు పోయి చెప్పాను. వెంకటేశ్వరమ్మ గారు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మిగిలిన డబ్బాలన్నీ ట్రాక్టరులో వాపసు తెచ్చుకున్నాను. మేనేజరు గారు ఫోను చేసి, ఇలా ప్రచారం చేస్తే డీలర్‌షిప్పు ఉంచను అన్నాడు. తీసుకోండి అన్నాను.

నువ్వు నన్ను తిట్టు అక్కా. రాసి తిట్టినా సరే.

జాన్ బాషా


కొత్తపాలెం,
5-3-2001

తమ్ముడికి,

మీ బావను ఇంటికి తీసుకొచ్చాం. లేచి నాలుగడుగులు వేస్తున్నాడు. చేతులు వణుకుతున్నాయి గానీ అన్నం తానే కలుపుకుంటానంటాడు. సగం నా చీర మీద పడుతోంది. మందెక్కిన నాడు పోయిన చూపు మాత్రం తిరిగి రాలేదు. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, మనుషులు తెలియరు. వస్తే ఆరు నెలల్లో వస్తుంది, లేకపోతే లేదన్నాడు డాక్టరు. ఆయన నిబ్బరంగానే ఉన్నాడు. నేనే లేను.

నీ పెనాంగు ఉత్తరం మొన్న వచ్చింది. విదేశీ స్టాంపు చూసి పోస్టుమాన్ ఊరంతా తిప్పి తెచ్చాడు. చింపేద్దామనుకుంటే ఆయన పట్టుబట్టి చదివించుకున్నాడు. ఇప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే చదవాలి. జక్రయ్య గారి లుంగీ దగ్గర నవ్వుతాడు. సముద్రం దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తి ఆగమంటాడు. ఆ నాలుగు వాక్యాలూ ఆయనకు చాలడం లేదు. నీళ్ళు దగ్గరగా ఏ రంగు, దూరంగా ఏ రంగు? చేపలు ఎగిరాయా? గాలికి ఉప్పు వాసన వాడరేవులో లాగే ఉందా? నన్నడుగుతాడు. నాకేం తెలుసు? నువ్వు తిరిగొచ్చాక ఓడ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. నాలుగు రోజులు ఆ బాల్కనీలో కూచున్నావు గదా, చూసిందంతా వివరంగా రాయి. నా కోసం కాదు.

జోహరాబీ


మార్టూరు,
9-3-2001

అక్కయ్యకు,

రాయడానికి రెండు రోజులు కూచున్నాను. నా వల్ల కాలేదు. నిజం చెబుతున్నాను.

మేం ఆ తలుపు ఒక్కసారి తప్ప తియ్యలేదు. మొదటిరోజు గుల్షన్ తీసింది. చుట్టూ నీళ్ళు, కింద నీళ్ళు, ఎక్కడా గట్టు లేదు. కళ్ళు తిరిగి నేల మీద కూలబడి, మూసెయ్యండి, మూసెయ్యండి అని అరిచింది. మూసిన గది అంటే భయపడే మనిషికి, అంత తెరిచిన గది ఇంకా భయమని మా ఇద్దరికీ తెలీదు. తెర లాగేసి, సూట్‌కేసు అడ్డం పెట్టాం. నాలుగు రోజులూ అది అలాగే ఉంది. వెంకటరావమ్మ గారు పొద్దు పొడిచిందా అని అడిగితే, గుల్షన్ గడియారం చూసి చెప్పింది. నేను కూడా వాంతులతో సగం పొద్దు మంచం మీదే ఉన్నాను. ఉత్తరంలో రాసిన నీలిమణులూ సువర్ణకాంతులూ గదిలో బల్ల మీదున్న ఇంగ్లీషు రంగుల పుస్తకంలోవి. శ్రీకృష్ణ చదివి అర్థం చెబితే రాసుకున్నాను.

బావకు ఏమని రాయను?

జాన్ బాషా


కొత్తపాలెం,
13-3-2001

జానూ,

నీ ఉత్తరం పెరట్లోకి పోయి చదివాను. పొయ్యిలో పెట్టాను. ఈసారి నిజంగానే.

ఆయనకు ఈ సంగతి తెలియకూడదు. కళ్ళిచ్చి కొనిపెట్టిన సముద్రం అది. దాన్ని మీరు చూడలేదని నేను చెప్పలేను, నిన్ను చెప్పనివ్వను. ఆదివారం గుల్షన్‌ను తీసుకుని రా. ముందు వాడరేవు పోయి, ఓ పూటంతా నీళ్ళ ఒడ్డున నిలబడు. దగ్గర రంగేమిటో, దూరం రంగేమిటో, గాలి ఎలా కొడుతుందో కళ్ళారా చూసుకో. ఈసారి పుస్తకంలోంచి ఎత్తుకొస్తే ఆయన పట్టేస్తాడు. తర్వాత మా ఇంటికొచ్చి మంచం పక్కన కూచుని ఆ నాలుగు రోజులూ చెప్పు. మందు డబ్బాలమ్మిన నోరు, ఆ మాత్రం చెప్పలేవా?

నువ్వు తడబడిన చోట నేను అందుకుంటాను. అవును, మాట్లాడతాను. ఆయనకు కనపడదు. నేను తలూపితే తెలియదు, మొహం తిప్పుకున్నా తెలియదు. నీ పక్కన నా గొంతు వినపడకపోతే, ఆయన ఆ సముద్రాన్ని నమ్మడు.

మీ అక్క,
జోహరాబీ